మామ పోసిన సీసం

మా అత్తగారి ఊరు పటాన్‌చెరు నుంచి వెళితే కర్దనూర్ దాటాక వస్తుంది. ఊరి చివర మా పొలం, పొలం గట్టు దాటితే ఒక రసాయనాల ఫ్యాక్టరీ ప్రహరీ. ఆ గోడకు అవతల ఫ్యాక్టరీ వాళ్లు కొని వాడకుండా వదిలేసిన జాగాలో సర్కారు తుమ్మ కమ్ముకుపోయింది. అడవిపందులు పగలంతా అందులో పడుకునేవి, పొద్దుగూకితే గోడ కూలిన చోట దాటి మా మక్కజొన్న చేను మీద పడేవి.

నేను ఈ ఊరిదాన్ని కాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. క్వార్టర్స్‌లో పెరిగాను. సంగారెడ్డి కాలేజీలో పరిచయమైన అబ్బాయిని చేసుకుని ఈ ఇంటికి వచ్చాను. ఆయన పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటర్. నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. నేను వచ్చేసరికే అత్తగారు లేరు. ఇంట్లో పెద్దదిక్కు మామగారే.

కొత్తలో "మామయ్యగారూ" అని పిలిస్తే ఆయన నవ్వారు. "గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దార్‌నా? మామ అను, సాలు."

మామ పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ తన చేతికిచ్చిన రైఫిల్ గురించి భోజనాల దగ్గర చెప్పేవారు. ఒక గుండు పేలగానే తనంతట తానే ఇంకోటి ఎక్కించుకునేదట, నొక్కడమే తరువాయి అట. ఊళ్లో ఆయన దగ్గరున్నది మాత్రం ఒంటిగొట్టం తుపాకి. పంట కాపలాకని లైసెన్సు మీద తెచ్చుకున్నది. దుకాణంలో ఇచ్చే తూటాలు సీజను మొత్తానికి చాలవు. అందుకని కాల్చిన తూటాల డొల్లలు దాచిపెట్టి మళ్లీ తానే నింపుకునేవారు. గుండ్లు కూడా తానే పోసుకునేవారు. అలా చెయ్యకూడదని ఆయనకు తెలుసు, మాకు తెలుసు, ఊరికీ తెలుసు. పందులు పడని చేను ఏ ఇంటికీ లేదు గనక ఎవరూ నోరెత్తలేదు.

పెరట్లో రేకుల కొట్టం కింద కట్టెల పొయ్యి ఉండేది. పటాన్‌చెరు పాత సామాన్ల దుకాణం నుంచి చచ్చిపోయిన బ్యాటరీల లోపలి సీసం పలకలు తెచ్చి, ఇనుప మూకుట్లో కరిగించేవారు. లేత్ షాపులో చేయించుకున్న అచ్చులో పోసి, చల్లారాక తడితే గుండ్లు తళతళలాడుతూ కింద పడేవి. మా అమ్మాయికి అది పెద్ద వేడుక. తాత పక్కనే గొంతుక్కూర్చుని చూసేది. నేల మీద గడ్డకట్టిన సీసం చుక్కల్ని ఏరుకుని ఆట గురుగుల్లో వేసి ఉత్తుత్తి వంట చేసేది. నేను పొగ వస్తోందని వంటింటి తలుపు వేసుకునేదాన్ని, మర్నాడు పొద్దున ఆ బూడిదంతా చీపురుతో ఊడ్చేదాన్ని.

"ఇంటి కాడ ఎందుకు నాయినా, వాసనొస్తుంది" అని మా ఆయన అంటే మామ ఫ్యాక్టరీ వైపు చెయ్యి చూపించేవారు. "గా వాసన కంటెనా?"

ఫ్యాక్టరీ నుంచి కొన్ని సాయంత్రాలు కుళ్లిన కోడిగుడ్ల కంపు వచ్చేది. మా బోరు నీళ్లు బకెట్లో పడితే మీద నూనెలా రంగులు తేలేవి. ఆ నీళ్లు తాగడం ఎప్పుడో మానేశాం గానీ గిన్నెలు, బట్టలు, స్నానాలు వాటితోనే.

మామకు మొదట కడుపునొప్పి వచ్చింది. మెలిపెట్టినట్టు వచ్చేది. మందుల షాపతను గ్యాస్ గోలీలు ఇచ్చాడు. ఆ తర్వాత ఆకలి పోయింది, చిన్నదానికి పెద్దదానికి కసురుకోవడం మొదలైంది. మనవరాలిని ఏనాడూ గట్టిగా పిలవని మనిషి, ఒకరోజు అది చెంబు తన్నిందని చెయ్యెత్తారు. ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకోబోతే కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. గ్లాసు జారి కాళ్ల మీద పడింది.

"ఏమైంది మామా?"

"లేస్తలేదు బిడ్డా" అన్నారు, ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ.

ఊళ్లో పెద్దరికం చేసే ఒకాయన ఉన్నాడు, మా ఆయనకు పెదనాన్న కొడుకు. నాకు బావ అవుతాడు. ఫ్యాక్టరీ మీద అప్పటికే ఫిర్యాదు తయారుచేయిస్తున్నాడు. మామ చెయ్యి చూడగానే ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. "ఇంతకంటె సాక్ష్యం ఏం గావాలె?" అన్నాడు. ఆ ఫొటో ఊరందరి ఫోన్లకూ చేరింది. నేనూ నమ్మాను. నమ్మడం తేలిక. గోడ కళ్లముందే ఉంది.

నగరంలో పెద్దాసుపత్రి డాక్టరు మామ పెదవి పైకెత్తి చిగుళ్లు చూశాడు. చిగుళ్ల అంచున సన్నటి నీలి గీత. రక్తం తీయించి, రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టాడు. "ఒంట్లో సీసం చాలా ఉంది. సీసంతో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇంట్లో?"

"మా పక్కన ఫ్యాక్టరీ ఉంది సార్" అన్నాడు మా ఆయన వెంటనే.

నాకు మాత్రం సీసమన్న మాట చెవిన పడగానే పెరట్లో మూకుడు కళ్లముందు కదిలింది. దాని వెనకే గురుగులు. పాపకు కూడా రక్తం తీయమని అడిగాను. నాకూ తీశారు. నాకు కొద్దిగా ఉంది. నాలుగేళ్లు నిండని దానికి నాకంటే ఎక్కువ ఉంది. "ఎక్కడి నుంచి వస్తోందో అది ఆగకపోతే నేను మందిచ్చి లాభం లేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం మేడ మీద మా ఆయనతో కొట్టం సంగతి మాట్లాడాను.

"జెర ఆగు" అన్నాడు. "పిటిషన్ పోయింది. ఇప్పుడు గిట్ల చెప్తే ఫ్యాక్టరోళ్ల చేతికి మనమే కట్టె ఇచ్చినట్టు. నాయిన మీద కేసు గూడ అయితది. అసలు మన నీళ్లు మంచిగున్నయా? నువ్వే చెప్పు."

"లేవు."

"మరి?"

"పాప రక్తంలో ఉంది" అన్నాను. మా ఆయన తప్పు మాట్లాడుతున్నాడని అనలేను. ఊరి బాధ అబద్ధం కాదు. మా కొట్టమూ అబద్ధం కాదు.

నేను కిందికి దిగి మామతోనే చెప్పేశాను. డాక్టరన్నదంతా చెప్పాను. ఆయన వాలిన చేతిని ఎడమ చేత్తో ఒళ్లో సర్దుకున్నారు.

"పిల్లకు గూడనా?"

"ఆఁ."

మర్నాడు పొద్దున లేచి చూస్తే పొయ్యి రాళ్లు విడివిడిగా పడి ఉన్నాయి. ఒంటి చేత్తో ఎలా పీకారో తెలియదు. ఆ తర్వాత పాపను దగ్గరికి రానివ్వలేదు. అది "తాతా" అంటూ వస్తే "అమ్మ దగ్గరికి పో" అనేవారు. అది ఏడ్చేది.

కాలుష్యం చూసే ఆఫీసు నుంచి ఒక మేడమ్, ఇద్దరు మనుషులు వచ్చారు. బోరు నీళ్లు సీసాల్లో పట్టుకున్నారు. బావ వాళ్లను నేరుగా మా ఇంటికి తీసుకొచ్చి మామ చెయ్యి చూపించాడు. అరుగు ముందు ఊరు సగం నిలబడి ఉంది. మేడమ్ మామూలుగా అడగాల్సినట్టే అడిగింది. "ఇంట్లో ఎవరైనా బ్యాటరీ పని, సీసం పని చేస్తారా?"

మా ఆయన నావైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే మామ లేచి నిలబడ్డారు.

"నేనే చేస్త మేడం. తుపాకి గోలీలు పోసుకుంట, పందుల కోసం. గా కొట్టం కిందనే. రాండ్రి, సూపిస్త."

"చిన్నాయినా, ఏం మాట్లాడుతున్నవ్?" అని బావ అడ్డం వచ్చాడు.

"ఉన్నదే మాట్లాడుతున్న. నా మనుమరాలు తిన్నదిరా గా దుమ్ము."

తుపాకి, అచ్చు, దాచిన డొల్లలు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాయి. లైసెన్సు రద్దయింది. వయసు చూసి, చెయ్యి చూసి మందలించి వదిలేశారు. బావ మా గడప తొక్కడం మానేశాడు. ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం ఊళ్లోకి మనిషిని పంపి "మీ రోగాలు మీ పొయ్యిల్లోనివే" అని చెప్పించారు. బోరు నీళ్ల పరీక్ష ఏమైందో మాకెవరూ చెప్పలేదు. మా ఆయన రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి వచ్చాడు. పెద్దసారు లేరన్నారు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక చాన్నాళ్లు తండ్రితో మాట్లాడలేదు.

కొట్టం కింద మట్టి తవ్వించాం. ఆ మట్టిని ఎక్కడ వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పొలంలో వెయ్యలేం, రోడ్డు పక్కన పడేస్తే ఇంకో పిల్ల ఆడుకుంటుంది. సంచుల్లో నింపి, పైన టార్పాలిన్ కప్పి పెరటి గోడకు ఆనించాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పాపకు మందులు పనిచేశాయి, సీసం తగ్గుతూ వచ్చింది. చదువులో ఏమైనా తేడా వస్తుందేమో పెద్దయితే గానీ తెలియదట. అది అక్షరం తిరగేసి రాసిన రోజు నాకు నిద్ర పట్టదు. పిల్లలందరూ తిరగేసి రాస్తారని బళ్లో రోజూ చూస్తూనే ఉంటాను, అయినా. మామ చెయ్యి సగం లేస్తుంది. చొక్కా గుండీలు నేను పెడతాను. ఆ ఏడు మక్కచేను పందుల పాలైంది.

ఈ మధ్య పక్కింటామె మా గోడ దగ్గరికి వచ్చింది. ముసలావిడ, ఒంటరిది. "మీ మామ నిజం చెప్పిండు, మంచిదే బిడ్డా" అంది. "మా ఇంట్ల గోలీలు ఎవ్వరు పొయ్యలే గదా. మరి నా కడుపుల నొప్పి ఏంది?"

బడికి సెలవు పెట్టి ఆమెను బస్సెక్కించి అదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. రిపోర్టు కోసం మళ్లీ వెళితే ఆమె రక్తంలో సీసం లేదన్నారు. మరి ఇంకేముందని అడిగితే, అది చూసే పరీక్ష ఇక్కడ చెయ్యరని చెప్పారు. తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీల కంపు మొదలైతే, ఊరొచ్చేదాకా నేను కిటికీ మూసే ఉంచాను.