ఆయన తుంటి మీద మోపని కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. అందరికీ తల ముందు వస్తే నాకు కాళ్ళు ముందు వచ్చాయట. మా అమ్మను చావు దాకా తీసుకుపోయానని చింతామణి ఊరి వైపున్న మా పుట్టింటి చుట్టాలు ఇప్పటికీ దెప్పుతుంటారు. అయితే అలా పుట్టినవాళ్ళ కాలికి ఒక గుణం ఉంటుందని మా వైపు నమ్మకం. నడుం పట్టేసినవాళ్ళు పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి బోర్లా పడుకోవాలి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎడమ కాలితో ఆ చోట తొక్కాలి. పట్టు విడుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా ఎడమ కాలు నాది కాదు, ఊరిది. పెళ్ళయి దిబ్బూరహళ్ళి దగ్గరున్న ఈ పల్లెకు వచ్చేసరికి నాకంటే ముందే నా కాలి సంగతి ఇక్కడికి చేరింది. ఆదివారం వస్తే చాలు, మా వసారాలో చాప పరిచి ఉండాల్సిందే.

అలాంటి ఇంట్లో మా ఆయనకు తుంటి నొప్పి వచ్చింది. దేవుడికి మాతో వేళాకోళం కాకపోతే ఇంకేమిటి?

మొదట కాస్త కుంటేవాడు. తర్వాత అన్నానికి మఠం వేసుకుని కూర్చోలేక కుర్చీ తెచ్చుకున్నాడు. బండి ఎక్కాలంటే కాలు అటువైపుకు తిప్పలేక, బండినే పక్కకు వంచి ఎక్కేవాడు. ఎక్కడ నొప్పి అంటే చెయ్యి నడుం మీద పెట్టేవాడు కాదు. బొటనవేలు తుంటి వెనక్కి, తక్కిన వేళ్ళు గజ్జలోకి వచ్చేలా పట్టుకుని చూపించేవాడు. నేను చూశాను గానీ, అందులో చూడాల్సింది ఏముందో నాకు అప్పుడు తెలియదు.

తొక్కమని ఆయన అడగలేదు, తొక్కుతానని నేను అనలేదు. ఊళ్ళో ఎవరినైనా తొక్కొచ్చు గానీ భార్య కాలు భర్త ఒంటి మీద పడకూడదు. పొరపాటున తగిలితేనే ఆయన్ను తాకి కళ్ళకద్దుకునేదాన్ని. ఇక కావాలని మోపడమా? మా అత్త ముందే తేల్చేసింది, "కొడుకు ఆయుస్సు తగ్గుతాది" అని. కాబట్టి ఊరి నడుములన్నీ నా కాలి కింద బాగుపడుతుంటే ఆయన మాత్రం గోడ పట్టుకుని నడిచేవాడు.

మాది పట్టుపురుగుల ఇల్లు. ఆ కాపులో పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే పొర విడిచే ముందు మేత మాని పడుకునే నిద్ర నుంచి, లేచాయి. ఆఖరిసారి పొర విడిచి లేచిన పురుగు ఆకలి చూస్తే భయమేస్తుంది, ఆకు వేసి వెనక్కి తిరిగేలోపు ఈనెలు మిగులుతాయి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన మల్బరీ తోటలో ఆకు మోపు ఎత్తబోయి కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేకపోయాడు. మా మరిది మోసుకొచ్చి మంచం మీద వేశాడు. ఎప్పుడూ అరవని మనిషి, మంచం తగలగానే అరిచాడు. ఈ మనిషి ఇక నడవడేమోనని నాకు ఆ అరుపులో మొదటిసారి అనిపించింది.

మా అత్త రూలు మార్చేసింది. "తువాలు కప్పి తొక్కు మే. గుడ్డ అడ్డముంటే నీ కాలు వానికి తగిలినట్ల కాదు. పాపం గుడ్డకు పోతాది."

ఆమె శాస్త్రం అలాంటిది. అవసరాన్ని బట్టి సాగుతుంది.

మా ఆయన ఆశ వేరే ఉంది. చిక్కబళ్ళాపురంలో ఎముకలు సరిచేసే డాక్టరు ఒకాయన ఉన్నాడు, కైరోప్రాక్టరు అంటారు. మందు లేదు, సూది లేదు, చేతులతోనే పని. అలాంటి డాక్టర్లు మెడలు, నడుములు టక్కుమనిపించే వీడియోలు మా ఆయన ఫోన్‌లో తెగ చూసేవాడు. శబ్దం రాగానే పడుకున్నవాళ్ళు నవ్వుకుంటూ లేచేవాళ్ళు. నాకైతే ఆ టక్కు వినగానే నా ఎముక విరిగినట్టే ఉండేది.

"ఇంట్లో కాలు పెట్టుకోని యాడికో పొయ్యి తిప్పిచ్చుకుంటాడంట," అని మా అత్త మూతి విరిచింది. "ముందు ఇది తొక్కనీ. తగ్గకుంటే అప్పుడు పోదువు."

ఆదివారం వచ్చింది. బయటివాళ్ళను రావద్దన్నాం. ఆయన్ను వసారాలో చాప మీదికి దించి బోర్లా పడుకోబెట్టేసరికే మా మరిదికి చెమటలు పట్టాయి. మా అత్త కొత్త తువాలు తెచ్చి ఆయన తుంటి మీద పరిచి, తల కొంగు సర్దుకుని, చేతులు జోడించి నిలబడింది. నేను కాలు కడుక్కుని వచ్చాను.

కాలు ఎత్తాను. తువాలు కింద ఆయన ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. నేను ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని నిలబడ్డాను. నా మడమకు, ఆ తువాలుకు మధ్య ఒక చిన్న పురుగు పట్టేంత సందు ఉంది. దించలేకపోయాను.

"తొక్కు," అన్నాడు ఆయన చాపలోకి.

స్తంభం ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"తొక్కు మే, ఏమైతాది?" అంది అత్త.

కాలు వెనక్కి తీసుకుని నేల మీద పెట్టాను. "నాతో కాదు," అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూసిన చూపు ఉందే, పెళ్ళయ్యాక అలాంటి చూపు ఎప్పుడూ చూడలేదు. "ఊరందరికీ తొక్కుతావు. నేనొక్కడ్నే నీకు మనిషి కాదా?"

"పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా?" అని అత్త తువాలు విదిలించుకుని లోపలికి పోయింది.

నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటికి వచ్చింది. "బండి మాట్లాడు," అని మా మరిది మీద అరిచాను. "రేపే చిక్కబళ్ళాపురం పోతాండాం. ఆ టక్కు డాక్టరే తిప్పనీ."

సోమవారం పురుగులకు ఆకు వేసే పని అత్తకు వదిలి కారులో బయలుదేరాం. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా సీటు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నాకు లోపల ఒకటే భయం: నేను చెయ్యలేకపోయిన పనిని ఈ డాక్టరు ఇంకా గట్టిగా చేస్తాడు, ఆ టక్కుతో ఏదో తెగిపోతుంది, పంపించింది నేనే అవుతాను.

డాక్టరు నలభై దాటని మనిషి. వెంటనే పడుకోబెట్టలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు నడవమన్నాడు. నొప్పి చెయ్యి పెట్టి చూపించమన్నాడు. మా ఆయన మామూలుగానే తుంటిని వెనకా ముందూ కలిపి పట్టుకున్నాడు. డాక్టరు ఆ చెయ్యి వైపే కాసేపు చూశాడు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలును మెల్లగా లోపలికి తిప్పాడు. కొంచెమే తిరిగింది. మా ఆయన పళ్ళు బిగించాడు. డాక్టరు అక్కడే ఆగి, కాలును రెండు చేతులతో మెత్తగా దించాడు.

"సార్, ఒక్కసారి ఆ శబ్దం రానీండి సార్. నేను ఓర్చుకుంటా," అన్నాడు మా ఆయన.

"లేదప్పా. ఈ కాలిని నేను తిప్పను."

డాక్టరు నా వైపు తిరిగి, కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు. "చూడమ్మా, తుంటి నొప్పంటే అన్నీ ఒకటే కాదు. కొందరికి నడుం నుంచి దిగి పిర్ర వెనక నొస్తాది. అట్లాంటిదానికి మా చెయ్యి కొంచెం పని చేస్తాది, వ్యాయామం చెప్తాం, చాలామందికి హాయి అయితాది. ఈయనది గజ్జలో ఉండాది, కాలు లోపలికి తిరగదు. ఇది కీలు లోపలి సంగతి. గిన్నెలో బంతి మాదిరి ఉంటాది ఆ కీలు. బంతి ఎట్లుండాదో తెలీకుండా బలంగా తిప్పినా, తొక్కినా పగలొచ్చు. ముందు స్కాన్ తీయించండి."

తొక్కినా అనే మాట ఆయన మామూలుగానే అన్నాడు. ఆయనకు నా కాలి సంగతి తెలియదు. నేను చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని పాదాలు దాచుకున్నాను.

మేం బయలుదేరే ముందు డాక్టరు ఇంకో మాట అడిగాడు, ఏమైనా మాత్రలు చాలాకాలం వాడారా అని. పురుగుల ఇంట్లో చల్లే పొడికీ దుమ్ముకూ మా ఆయనకు ఆయాసం వస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు వేసుకుంటే గంటలో ఊపిరి ఆడేది. చీటీ లేకుండా ఏళ్ళ తరబడి కొనుక్కున్నాం. మా వైపు పురుగులు మేపే ఇళ్ళలో చాలామంది అదే చేస్తారు. అది స్టెరాయిడ్ అని, కొందరికి ఆ బంతికి రక్తం అందకుండా చేస్తుందని అప్పుడే విన్నాం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ మా సంగతి.

స్కాన్‌లో బంతి ఎండడం మొదలైందని వచ్చింది. ఇంకా కుంగలేదన్నారు. బెంగళూరులో ఎముకల సర్జన్ ఆ స్కాన్ ఫోటో చూసి, "ఇది కుంగేంత బరువు మీద పడలేదు కాబట్టి కాపాడుకునే అవకాశం ఉంది," అన్నాడు. ఎముకలో రంధ్రం చేసి రక్తం ఆడే దారి చేశారు. నెలల పాటు ఆ కాలు నేల మీద గట్టిగా ఆనించకూడదన్నారు. కుంటి కుంటి బిగుసుకుపోయిన నడుం కోసం, సర్జన్ ఒప్పుకున్నాక, ఆ చిక్కబళ్ళాపురం డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళాం. బంతి విషయంలో తన చేతికి పని లేదని ముందే చెప్పి, నడుం వరకు మెత్తగా సడలించాడు. టక్కు అని ఒక్కసారి కూడా వినపడలేదు. అయినా వెళ్ళొచ్చిన ప్రతి రాత్రీ మా ఆయనకు నిద్ర పట్టేది.

ఊళ్ళో కథ వేరేగా పాకింది. "ఆయమ్మ కాలికి తెల్సిపోయిందంట, అందుకే దిగలేదంట." అందరికంటే గట్టిగా చెప్పేది మా అత్తే. రావద్దన్నా వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఒక సాయంత్రం ఆయన చేతికర్రతో వసారాలో నాలుగు అడుగులు వేసి కూర్చున్నాడు. ఆనందంతో నాకు కళ్ళు నిండాయి. అప్పుడు అడిగాడు, "నీకు ఎట్ల తెల్సె?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "నాకేం తెల్దు. నీ మీద కాలు పెడితే పాపమని భయపడినా, అంతే. అత్త గుడ్డ కప్పినా ఆ భయం పోలేదు. నువ్వు నా మొగుడు కాకుండా ఇంగెవరన్నా అయ్యుంటే తొక్కేసేదాన్ని."

ఆయన చేతికర్రను గోడకు ఆనించాడు. తర్వాత అన్నాడు, "ఆదివారం వచ్చేటోళ్ళంతా ఎవరో ఒకరి మొగుళ్ళే కదా మే."

ఆ ఆదివారం బాగేపల్లి దగ్గరి నుంచి ఒక జంట వచ్చింది. భర్త చాప ఎక్కడని అడిగాడు. నేను వేయలేదు. "నొప్పి యాడుండాదప్పా? చెయ్యి పెట్టి చూపించు," అన్నాను. అతను సిగ్గుపడి నేల చూశాడు. పక్కనున్న భార్యే ముందుకు వచ్చి, అతని తుంటిని వెనకా ముందూ కలిపి పట్టుకుని చూపించింది. ఆమె వేళ్ళు గజ్జలో ఉన్నాయి.