నీళ్ళు తాగినవా అని అడిగే మనిషి

యాదన్న ఇక లేడని ఆయన భార్య సత్తెమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతి పిల్లల చేత పద్యం వల్లె వేయిస్తున్నాను. "సారూ, మీ అన్న పోయిండు" అన్నది, అంతే. ఆమెకు ఏడుపు రాలేదు. పిల్లలు పద్యం ముగించి నా ముఖం వైపు చూస్తున్నారు. పదిహేను రోజుల క్రితమే ఆ బడి ఆవరణలో, వేదిక మీద, నా చేతులతో శాలువా కప్పించుకున్న మనిషి. ఆయన మరణాన్ని నా మనస్సు ఇప్పటికీ అంగీకరించడం లేదు. అందుకు నాదైన కారణం ఒకటి ఉంది. దాన్ని ఈ వ్యాసంలో దాచదలచుకోలేదు.

యాదయ్య మోత్కూర్ పక్కన ఒక పల్లెలో గీత కార్మికుడు. ఇరవై ఏండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఒక ఎండాకాలం పొద్దున నడుముకు వేసుకున్న మోకు తెగి కింద పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింది దేహం ఆయన మాట వినడం మానేసింది. అటువంటి మనిషిని చూసి లోకం కాళ్ళు పోయాయని జాలిపడుతుంది. కాళ్ళకంటే ముందు మనిషిని కుంగదీసేది మూత్రం. ఎప్పుడు నిండిందో తెలియదు, ఎప్పుడు జారిందో తెలియదు. సంస్మరణ వ్యాసంలో ఈ ప్రస్తావన ఏమిటని ముఖం చిట్లించేవారు చిట్లించుకోవచ్చు. ఆ మాట మింగేసి రాస్తే నేను యాదన్న గురించి రాయనట్టే.

ఆయన నాకు పరిచయమైన నాటికి నేనూ ఆ దుఃఖంలోనే మునిగి ఉన్నాను. ఆటో బోల్తాపడి నా వెన్ను దెబ్బతిన్నది. చక్రాల కుర్చీలో తిరిగి బడికి వెళ్ళిన వారంలోనే, పాఠం చెబుతుండగా ప్యాంటు తడిసి కుర్చీ కింద మడుగైంది. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మర్నాటి నుంచి సెలవు పెట్టి గదిలో పడ్డాను. తడవకుండా ఉండాలని నీళ్ళు మానేశాను. ఎవరైనా గడప తొక్కితే, వాసన వస్తోందేమోనని ముందు నా ముక్కే వెతికేది. అన్నం పెట్టే భార్య మీద అరిచేవాణ్ణి. ఈ బతుకు వృథా అని చాలా రోజులు గట్టిగా నమ్మాను.

ఆ గదిలోకి యాదన్న పిలవకుండానే వచ్చాడు. నా సంగతి ఎవరో చెప్పారట. కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చి, నా భార్య అక్కడ ఉండగానే అడిగాడు.

"సారూ, ఒంటికి ఎట్ల పోతున్నవు?"

నాకు ఒళ్ళు మండింది. "ఎవరు నువ్వు? బయటికి నడువు" అన్నాను.

"నడిచేటోన్నయితే నీ తానికి ఎందుకొస్త" అన్నాడు. తర్వాత నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. "పెదవులు పలిగినయి. నీళ్ళు బంద్ పెట్టినవు గదా. నేను గూడ గిదే పని చేసిన. జరమొచ్చి సావు దాంక పోయొచ్చిన."

సంచిలోంచి సన్నని గొట్టం తీసి చూపించాడు. పెద్ద దవాఖానలో నర్సమ్మ నాకు దాన్ని చూపించి నేర్పబోతే, సిగ్గుతో నేను తల తిప్పుకున్నాను. నాలుగు గంటలకొకసారి, చేతులు శుభ్రంగా కడుక్కొని, ఆ గొట్టంతో మూత్రాన్ని తీసేసుకోవాలి. అంతే విషయం. దాన్ని ఆయన తన వృత్తిలోని మాటలతో చెప్పాడు.

"చూడు సారూ. చెట్టుకు లొట్టి కట్టినంక యాళ్లకు పోయి కల్లు దించుకోవాలె. పోకుంటే లొట్టి నిండి కారుతది. కారిందని చెట్టును తిడ్తమా? మనం యాళ్ల తప్పినం, గంతే."

అంతవరకు అది నా పరువు సంగతి. ఆయన దాన్ని వేళకు చేసుకునే పనిగా మార్చాడు. రెండు నెలలకు నేను మళ్ళీ బడిలో ఉన్నాను. స్టాఫ్ రూమ్ పక్కనున్న స్టోరు గదిని ఖాళీ చేయించి, దాని తాళంచెవి హెడ్మాస్టర్ గారు నాకిచ్చారు. ఆ తాళంచెవి సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ప్రతి ఆదివారం యాదన్న ఇంటి ముందు పందిట్లో మావంటి వాళ్ళం కలిసేవాళ్ళం. చెట్ల మీది నుంచి పడ్డ గీత కార్మికులే ఎక్కువ. అక్కడ ఎవరూ "బాగున్నవా" అని పలకరించుకోరు. "నీళ్ళు తాగినవా" అన్నదే పలకరింపు. పందిటి వెనక తాటికమ్మలతో కట్టిన చాటు ఉండేది, అందులో ఒక మంచం, బకెట్, సబ్బు. వేళయినవాళ్ళు మాట మధ్యలోనే "నా యాళ్లయింది" అని చెప్పి అటు వెళ్ళేవారు. తక్కినవాళ్ళు మాట సాగించేవారు. మొదట నాకు అది మోటుగా తోచింది. ఆ మోటుతనం కిందనే కదా నేను బతికి బట్టకట్టింది.

ఆయన సాధువేమీ కాదు. మహా కోపిష్టి. నీళ్ళు తాగానని అబద్ధమాడితే ఎంత పెద్దవాణ్ణయినా పదిమందిలో కడిగేసేవాడు. కాని ఏడ్చేవాళ్ళ ముందు ఆయన స్వరం మారిపోయేది. పోచంపల్లి నుంచి ఒక నేత పనిచేసే అమ్మాయి వచ్చింది. మేడమెట్ల మీద నుంచి పడిందట. బట్టలు తడుస్తాయన్న భయంతో సొంత తమ్ముడి పెండ్లికి పోలేదని చెప్పి తలవంచుకుంది. యాదన్న తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"నేను ఏడ్వలేదనుకుంటున్నవా బిడ్డా? ఎండకాలమంతా ఏడ్చిన. మా సత్తెమ్మ దుప్పట్లు ఉతుకుతుంటే అటు దిక్కు చూడలేకపోయిన. ఏడువు, తప్పులేదు. ఏడ్చినంక జర నీళ్ళు తాగు."

ఆ అమ్మాయి నవ్వింది. ఆ పందిట్లో అటువంటి నవ్వులు నేను చాలా చూశాను.

ఇక నా కారణం. ఇంతటి ఉపకారికి సత్కారం చేయాలని నాకు బుద్ధి పుట్టింది. బడి వార్షికోత్సవానికి ఆహ్వానించాను. వేదికకు ర్యాంపు కట్టించి, నా అంతవాడు లేడని మురిసిపోయాను. యాదన్న తెల్లపంచె, ఇస్త్రీ చొక్కాతో పది గంటలకే వచ్చాడు. అందరి ఎదుటా ఆయనను గౌరవించాలని "బాగున్నారా యాదయ్య గారూ" అని పలకరించాను. ఇన్నేండ్లలో ఆయనను నీళ్ళు తాగినవా అని అడగకపోవడం అదే మొదటిసారి. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఉపన్యాసాలు మూడింటి దాకా సాగాయి. మధ్యలో నా వేళయితే నేను చప్పుడు చేయకుండా వెళ్ళి, స్టోరు గది తెరుచుకొని, పని ముగించుకొని వచ్చాను. తాళంచెవి మళ్ళీ నా జేబులోనే వేసుకున్నాను. పక్కన కూర్చున్న మనిషికి కూడా వేళ ఉంటుందని నాకు తోచలేదు.

ఆ తెల్లపంచె తడవకూడదని ఆయన ముందురోజు సాయంత్రం నుంచి చుక్క నీరు ముట్టలేదని తర్వాత తెలిసింది. మూడో రోజు చలిజ్వరం. దాన్ని రెండు రోజులు దాచాడు. నల్లగొండ దవాఖానకు చేర్చేసరికి లోపల నిలిచిన మూత్రంలోని విషం రక్తంలోకి పాకింది. ఆ రోజే ఎందుకు చెప్పలేదని మంచం పక్కన కూర్చొని అడిగాను.

"నువ్వు శాలువ కప్పుతుంటివి సారూ. గప్పుడు నా యాళ్లయిందని ఎట్లనాలె? పుట్టినకాన్నుంచి నేను స్టేజి ఎక్కలే" అన్నాడు. కాసేపటికి ఆయనే అడిగాడు. "నీళ్ళు తాగినవా?"

"ఆయన కిడ్నీలు మున్పే ఖరాబున్నయని డాక్టర్ చెప్పిండు. నీ మీదేసుకోకు సారూ" అంటుంది సత్తెమ్మ. ఆమెది పెద్ద మనసు. పదిమందిలో నిర్భయంగా "నా యాళ్లయింది" అనగలిగిన మనిషిని గౌరవం పేరుతో మళ్ళీ సిగ్గులోకి నెట్టింది నేనే. ఆ సిగ్గు ఎలాంటిదో తెలిసినవాణ్ణి, తెలిసీ చేశాను.

ఇప్పుడు స్టోరు గది తాళంచెవి నా జేబులో ఉండదు. తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటుంది. మావంటి వారిని సభలకు పిలిచే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. శాలువా కొనకముందు చాటు చూపించండి. ఆదివారం పందిట్లో మేం ఇంకా కలుస్తున్నాం. ఒకరినొకరం పలకరించుకుంటున్నాం. కాని అబద్ధమాడితే పట్టుకునే కళ్ళు ఇక లేవు. అవి మళ్ళీ మాకు దొరకవు.

యాదన్నను కడసారి సాగనంపే ముందు, ఆనవాయితీ ప్రకారం, ఒక్కొక్కరుగా ఆయన నోట్లో నీళ్ళు పోశారు. నా వంతు వచ్చినప్పుడు సత్తెమ్మ చెంబు నా చేతికిచ్చి, నా కుర్చీని ముందుకు నెట్టింది. పోశాను. నీళ్ళు పెదవుల మీద నుంచి మెడకు జారిపోయాయి. ఆనాడు వేదిక మీద రాని మాట నాకు అప్పుడు నోటికి వచ్చింది. "నీళ్ళు తాగినవా యాదన్నా" అని అందరి ముందూ అడిగాను.