ఊగని పీట

సూరత్ లింబాయత్‌ల మా ఇంటి ముంగట రేకుల షెడ్డు, షెడ్డుల నా రంపం మిషిన్. దుకాణంల కొన్నది కాదు. పాత మగ్గం మోటారొకటి, వెల్డింగాయన చేసిచ్చిన ఇనుప బల్లొకటి, బల్ల నడిమిట్ల సందులకెల్లి సగం పైకి లేసిన గుండ్రటి రంపం బిళ్ల. సిరిసిల్ల దిక్కుకెల్లి వచ్చి ఇరవై ఏండ్లు పవర్‌లూమ్ నడిపిన. చెవులు సగం పోయినయి. మిగిలిన సగమన్న కాపాడుకుందామని కట్టెపనిల పడ్డ. ఈ మిషిన్ మగ్గం కంటె ఎక్కువ మొత్తుకుంటదని పెట్టినంక తెలిసింది. రింగ్ రోడ్ చీరల దుకాణాలకు అరలు, పెట్టెలు చేసిస్త.

మా ఇంటామెకు ఆ మిషినంటే మొదటినుంచి పడదు. పెట్టిన వారంలనే ఒక చెక్క వెనక్కి తన్ని నా పొట్టల తాకింది. నేను దగ్గుకుంట లేస్తున్న, ఆమె గుమ్మంల నిలబడి నిమ్మళంగ చెప్పింది. "ఒక్క వేలు పోయిందనుకో, ఆ వేలును, నిన్ను, మిషిన్‌ను ఒక్క ఆటోలనే పాతసామాన్ల భంగార్ దుకాణానికి తోలుత." ఆమె అన్నదంటే చేస్తది. ఆటోవాలా గూడ తెలిసినోడే.

వేళ్లు మిగుల్చుకునే ఉపాయాలు ఫోన్ల చూసి నేర్చుకున్న. ఎవరో తెల్లాయన, ఆయన షెడ్డు మా గల్లీ అంతుంటది. చెయ్యి రంపం దగ్గరికి పోకుంట చెక్కను నూకే కట్టెలు, ఒత్తిపట్టే దువ్వెనలు, తిన్నగ జార్చే పలకలు, వీటన్నిటిని జిగ్గులంటరట. ఏదీ కొనొద్దు, ఇంట్ల ఉన్నవాటితోనే చేసుకోవచ్చని బొమ్మలు గీసి చూపిస్తడు. ఇంట్ల అన్నడు గద, నేను ఇంట్లనే వెతికిన.

మొదలు రొట్టెల కర్ర పోయింది. చెక్కను నూకే కట్టెకు పిడి అయింది, చేతుల మస్తు కుదిరింది. రొట్టెలు తింటె కడుపు ఉబ్బుతున్నదని వారం దినాలు అన్నమే వండించుకున్న. తర్వాత కూరగాయల పలక పోయింది. దాని ఒక అంచును సన్నగ చీలికలు చీలికలు కోస్తే దువ్వెన తయారైంది. చెక్క ముందుకు పోనిస్తది, వెనక్కి తన్ననియ్యది. పలక ఏదని ఇంటామె అడిగింది. ఎలుకలు ఎత్తుకపోయినయేమో అన్న.

"పలకనా?"

"సూరత్ ఎలుకలే. నీకు తెల్వదు."

ఆమె పొయ్యి కింద, అర వెనక వంగి చూసి వచ్చింది. "ఇగ ఇంట్ల ఇంకొక్క సామాను మాయమైతే, మిషినుంటదో నేనుంటనో తేల్చుకో" అన్నది. తేల్చుకునేదేమున్నది, ఆమె లేకపోతే నాకు చాయ్ గూడ పుట్టది. కొన్నాళ్లు బుద్ధిగనే ఉన్న.

కానీ అసలు జిగ్గు మిగిలిపోయింది. రంపం మీదకెల్లి అటిటు జరిగే పలక. దానిమీద కట్టె పెట్టి నూకితే చాలు, చేతులు రెండు దూరంగుంటయి, కోత గీత గీసినట్టు వస్తది. దానికి అస్సలు వంగని పలక కావాలె. ప్లైవుడ్‌తోని రెండుసార్లు చేసిన. సూరత్ వానకు రెండూ ఉబ్బి కూసున్నయి. బాగ ఆరిన టేకు కావాలె, ఏండ్ల కింద కోసింది. అసొంటిది మా ఇంట్ల ఒక్క తాననే ఉన్నది. అటక మీద, పాత చీరల చుట్టి.

అవి మా పెండ్లి పీటలు. మా మామ చేసిండు. ఆయన కట్టెపని చేసే వడ్లాయన కాదు, చేనేత మనిషి. మగ్గం మూలకు పడ్డంక దాని కంబాలు కోసి బిడ్డ పెండ్లికి రెండు పీటలు చేసిండు. పిల్లగాని పీట మంచిగ కుదిరింది. పిల్ల పీటకు ఒక కాలు పొట్టిది. మా పెండ్లిల ఈమె కూసుంటనే టక్కున ఊగి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, పందిరంత నవ్వింది. మేం సూరత్ వచ్చినంక మా గల్లీల మనోళ్ల పెండ్లి ఏదైనా ఆ పీటలే పోతయి. పిల్ల కూసోవాలె, పీట ఊగాలె, పిల్లగాని చెయ్యి పట్టాలె. అందరు నవ్వినంకనే అయ్యగారు మంత్రం ఎత్తుకుంటడు. మామ పోయి ఐదేండ్లాయె. ఆయన చేతిదని ఆమెకు మిగిలింది అవే.

ఇన్ని తెలిసి గూడ ఊగే పీటనే తీసిన. ఊగేది ఎట్లనో చెడిపోయిందే గదా అనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

నాలుగు కాళ్లు ఊడదీసిన, పలక కింద రెండు పట్టీలు కొట్టిన, బల్ల గాడిలల్ల జారిచ్చిన. రంపం ఆ టేకు నడిమిట్లకెల్లి సన్నగ కోసుకుంట పోయింది. నిజం చెప్తున్న, ఆ నిమిషం నాకు పాపం యాదికి రాలే. అంత తిన్నగ జరిగింది. రెండు కాళ్లు దానికే పిడులు చేసిన. అటక మీద చీరల ఒక పీట, ఒక అట్టముక్క చుట్టి పెట్టిన.

నెల దినాలు రాజాలెక్క పనిచేసిన. ఒకనాడు పక్కింటి చెల్లె షెడ్డు ముంగట నిలబడి మా ఇంటామెను పిలిచింది. "అక్కా, ఈ బేస్తారం నాడు మా బిడ్డ పెండ్లి. పీటలు జర తుడిచి పెట్టు." పీట నా చేతులనే ఉన్నది.

"అటకంత దుమ్ము, నువ్వెక్కకు, నేను తీసిస్త" అన్న.

"ఏందయ్యా, గింత మంచోనివి ఎప్పట్నుంచి అయినవ్?" అన్నది మా ఇంటామె.

మూడు దినాలున్నయి. ఆమె పొద్దున చీరల దారాలు కత్తిరించే పనికి పోంగనే నేను దొంగ పీట మొదలువెట్టిన. ఒక దుకాణం కౌంటర్ పనిల మిగిలిన టేకు చెక్క ఉండె. పై పలక కోసిన. కాళ్లకు పాత కాళ్లల ఒకటి కొలతకు పెట్టి, నా జారుడు పలక మీద చిన్న ఆపుడు చెక్క బిగించి, నాలుగూ దానికే ఆనించి కోసిన. చాయ్ డికాషన్ పూసిన, పసుపు రుద్దిన, కొబ్బరి నూనె పట్టిచ్చిన, సైకిల్ చెయిన్‌తోని కొట్టి గీతలు వెట్టిన. పాత పీట మూలకు చిన్న పెచ్చు ఊడి ఉంటది, అది గూడ ఉలితోని లేపిన. ఇనుప బల్ల మీద పెట్టి చూస్తే నాలుగు కాళ్లు నాలుగు దిక్కుల ఆనినయి, వెంట్రుక సందు లేదు. ఇరవై ఏండ్ల సంది కట్టెపని చేసినోడు గూడ గిట్ల చెయ్యడని నన్ను నేనే మెచ్చుకున్న. ఆ ఖుషీల నాకు ఇంకేది యాదికి రాలే.

ఆమె పీటలు చేతులకు తీసుకున్నది, మూల పెచ్చు మీద వేలు రాసింది, కండ్లకు అద్దుకున్నది.

బేస్తారం నాడు పెండ్లి. పిల్లను తీసుకొచ్చిన్రు. గల్లీ ఆడోళ్లందరు ముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఎదురుచూస్తున్నరు. పిల్ల కూసున్నది. ఊగలే. పిల్ల జర జరిగి మళ్ల కూసున్నది. ఊగలే. పాపం ఇటొకసారి, అటొకసారి ఒరిగింది, కావాలనే. పీటకు ఉలుకు లేదు. అయ్యగారు పుస్తకం పట్టుకొని ఆగిండు. "ఏమక్కా, పీట బాగుచేయించినవా?" అని ఎవరో అడిగిన్రు. మా ఇంటామె పీటను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను దండలు మంచిగున్నయని పైకి చూసిన.

ఆమె బువ్వ గబగబ తిన్నది. ఇంటికి వచ్చుడుతోనే సక్కగ షెడ్డులకు పోయి జారుడు పలకను బోర్లేసింది. కింద వాళ్ల నాయిన ఉలి దెబ్బలు అట్లనే ఉన్నయి. నడిమిట్ల రంపం కోత.

"నువ్వు వేలు కోసుకుంటవని నేను భయపడ్డ. నువ్వు మా నాయినను కోసినవ్" అన్నది.

ఆమె అరిస్తే నాకు అలవాటే. ఆమె ఏడ్చింది. అతికిస్తనన్న. అతికితే అదే పీట అయితదా అన్నది. మిషిన్‌ను రేపే భంగార్ల ఏస్త అని నేనే అన్న, నిజంగనే అన్న.

ఆమె ముక్కు తుడుచుకున్నది. "కాళ్లేవి?"

డబ్బాలకెల్లి రెండు తీసిచ్చిన, పిడులు చేసిన రెండు ఊడదీసిన. నాలుగూ ఇనుప బల్ల మీద వరుసగ నిలబెట్టింది. ఒకటి చిటికెన గోరంత పొట్టి. అది నెల దినాల సంది నా కుడిచేతుల ఉన్న పిడి.

"దీన్ని ఆ దొంగ పీటకు పెట్టు. రేపటికి రొట్టెల కర్ర, పలక గూడ కావాలె. ఎలుకలకు చెప్పు."

కొత్త కాలొకటి తీసేసి, పాత కాలు నిలబడేటట్టు కట్టె మేకు కోయాలె. వేరే రంపం కోసం వెతుకుతున్న. "దానిమీదనే కొయ్యి" అన్నది. మొదటిసారి నా పక్కకు వచ్చి నిలబడ్డది. వాళ్ల నాయిన పలక మీద కట్టె పెట్టి, రెండు చేతులు దూరంగ పట్టుకొని నూకిన. నా చేతులకెల్లి ఆమె చూపు తియ్యలే.

కాలు బిగించి పీటను కింద పెట్టిన. ఆమె కూసున్నది. టక్కున ఊగింది. ఊగంగనే ఆమె చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఇడిసిపెట్టలే. ఒక్కొక్క వేలు ఒత్తి చూసింది, తర్వాత రెండో చెయ్యి అడిగి అవి గూడ చూసింది.

"పదికి పది ఉన్నయి" అన్నది. "ఉత్తగ పోలే తియ్, మా నాయిన పీట."