క్వారీలో డెన్మార్క్ కమాండ్

మా మేజర్ అంటే నాకు మొదటి రోజు నుంచే పడలేదు. ఇప్పటికీ పడదు, చచ్చేదాకా పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నా మాటల్లో న్యాయమెంతో, కచ్చ ఎంతో చదివేవాళ్ళే తేల్చుకుంటారు.

కరోనా తగ్గుముఖం పట్టాక రాస్ అల్ ఖైమా కొండల పక్కనున్న మా రాతి క్వారీకి ఆయన ముదీర్‌గా, అంటే మేనేజరుగా వచ్చాడు. డెన్మార్క్ వాడు, అక్కడి సైన్యంలో మేజర్‌గా రిటైరయ్యాడట. నేను లేబర్ క్యాంపుకి క్యాంప్ బాస్‌ని. పేరులో బాస్ ఉందని మోసపోకండి. గదుల్లో ఏసీ ఆగినా, బాత్రూముల్లో నీళ్ళు రాకపోయినా, మెస్సులో కొట్టుకున్నా, పైవాళ్ళ చేతా కిందవాళ్ళ చేతా తిట్లు తినే ఉద్యోగం అది.

ఆయన వచ్చిన రెండో ఏడు నా భార్య, కూతురు కాకినాడ నుంచి వచ్చారు. పెళ్ళయినప్పటినుంచీ నేనిక్కడ, వాళ్ళక్కడ. ఫ్యామిలీ వీసాకి సరిపడా జీతం వచ్చాక ఊళ్ళో చిన్న ఫ్లాటు తీసుకుని ఇద్దర్నీ తెచ్చుకున్నాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే వాళ్ళు వెళ్ళిపోవాలి. అందుకే మా ఆవిడ పొద్దున్నే టిఫిన్ బాక్సు చేతికిస్తూ, ఇవాళ కాస్త నోరు అదుపులో పెట్టుకోండి అనేది. నా నోటి సంగతి ఆవిడకి బాగా తెలుసు.

మేజర్‌కి ఒకటే పిచ్చి. సోమవారం మీటింగులో పని గురించి నాలుగు ముక్కలు, మిగతాదంతా తను ఉద్యోగం చేసిన ప్రాంతీయ సైనిక కమాండ్ చరిత్ర. ఆఫీసు గుట్ట మీద ఉండేది. మీటింగ్ హాల్లో నేలకి తివాచీ, గోడకి తలుపంత డెన్మార్క్ మ్యాపు, దానికి ప్లాస్టిక్ పూత. దాని మీద కర్ర ఆనించి మొదలుపెట్టేవాడు. వాళ్ళ దేశాన్ని సముద్రం రెండు ముక్కలు చేసిందట. పడమటి నేలకి ఒక కమాండ్, రాజధాని ఉన్న తూర్పు ద్వీపానికి ఇంకో కమాండ్. మధ్యనున్న నీళ్ళు శత్రువు చేతికి చిక్కితే ఏ ముక్కకి ఆ ముక్కే సొంతంగా యుద్ధం చేసుకోవాలి. ఒక్కో కమాండ్ కింద కొన్ని రీజియన్లు. మామూలు రోజుల్లో రీజియన్ అంటే పిడికెడు మంది ఆఫీసర్లు, గోదాములు. యుద్ధమొస్తే రిజర్వు సిపాయిలకి పిలుపు వెళ్తుంది. వాళ్ళు కాక రైతులు, బడిపంతుళ్ళు, కొట్లవాళ్ళు కలిసిన వాలంటీర్ దళం. వాళ్ళ తుపాకులు ఇంట్లో బీరువాల్లోనే ఉండేవట. ఇదంతా మా క్రషర్ ఆపరేటర్లకి ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. మా నెల్లూరు ఫోర్‌మన్ కళ్ళు తెరుచుకుని నిద్రపోవడం ఆ హాల్లోనే నేర్చుకున్నాడు.

నాకు మాత్రం అందులో ఒక్క ముక్క నచ్చింది. నచ్చలేదంటే అబద్ధమే అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తెల్లవారుజామున దిగితే కొన్ని గంటల్లోనే వీళ్ళ దేశం చేతులెత్తేసిందట. ఆ అవమానం మింగుడుపడక యుద్ధమయ్యాక కొత్త నియమం పెట్టుకున్నారు. దాడి జరిగితే ఎక్కడివాళ్ళు అక్కడ, పైనుంచి ఆదేశం కోసం చూడకుండా పోరాడాలి. ఆగమని ఆదేశం వచ్చినా అది శత్రువు పంపిన అబద్ధమనే అనుకోవాలి. ఇది చెప్పేటప్పుడు మేజర్ గొంతు మారేది. ఆ కాసేపు ఆయన నాకు మనిషిలా కనిపించేవాడు.

తర్వాత రష్యా భయం తగ్గింది. ఆ కమాండ్లని కుదించి, కలిపి, చివరికి ఎత్తేశారు. ఈయన కుర్చీ పోయింది. పోయిన కుర్చీని తెచ్చి మా నెత్తిన వేశాడు. క్రషర్ వైపు పశ్చిమ కమాండ్, క్యాంపు వైపు తూర్పు కమాండ్ అన్నాడు. నన్ను తూర్పు రీజియన్ చీఫ్ అని మెడలో బిళ్ళ వేయించాడు. అధికారం మాత్రం సున్నా. ఒక పరుపు మార్చాలన్నా నేను సైట్ ఇన్‌చార్జికి, ఇన్‌చార్జి అడ్మిన్‌కి, అడ్మిన్ మేజర్‌కి రాయాలి. ఆ జవాబు వచ్చేలోపు పరుపు మీదివాడు సెలవుకి ఇంటికెళ్ళి తిరిగి వచ్చేసేవాడు. మా తూర్పు కమాండ్ వైభోగం అదీ.

అలా ఉండగా ఆ ఏప్రిల్‌లో పెద్ద వాన పడింది. ఎమిరేట్స్ అంతా మునిగిన వాన. మా క్యాంపు వాది ఒడ్డునే ఉంది. వాది అంటే ఏడాదంతా ఎండి ఉండే వాగు. కొండల్లో వాన పడితే మాత్రం ఒక్కసారిగా మీదకొస్తుంది. పొద్దున్నే కొండల మీద ఆకాశం నల్లగా కమ్మేసింది. మనుషుల్ని గుట్ట మీది హాల్లోకి మార్చనా అని మేజర్‌కి మెసేజ్ పెట్టాను. ఆయన దుబాయ్‌లో తన ఫ్లాట్లో ఉన్నాడు. ఆగు, నేను చెప్పేదాకా ఎవర్నీ కదల్చకు అని జవాబొచ్చింది. మధ్యాహ్నానికి నెట్‌వర్క్ పోయింది. ఇన్‌చార్జి రోడ్డు తెగి ఎక్కడో చిక్కుకుపోయాడు.

జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవర్ ఒకతను మోకాళ్ళదాకా బురదతో నా గదికొచ్చాడు. "మెస్సులకి నీళ్ళొచ్చినయ్ అన్నా. పోదామా, ఉందామా?" అన్నాడు.

ఒక్క క్షణం మా ఆవిడ, పిల్ల కళ్ళ ముందు మెదిలారు. ఆగమన్నవాడి మాట కాదని మనుషుల్ని కదిలిస్తే నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. కదిలించకపోతే? సోమవారం సోమవారం చెవిలో పోసిన ఆ నియమం అప్పుడు పనికొచ్చింది. ఆగమన్న ఆదేశం అబద్ధమనుకున్నాను.

"ఖలాస్. సామాను వదిలేసి అందరూ పైకి పదండి" అన్నాను.

హాలు తాళం గడ్డపారతో నేనే పగలగొట్టాను. ఆఖరివాడు గుట్టెక్కిన కాసేపటికే వాది వచ్చింది. చివరి వరస పోర్టా క్యాబిన్లు, మా వాళ్ళు పడుకునే రేకు గదులు, లేచి, పక్కకి తిరిగి, మా కళ్ళ ముందే కొట్టుకుపోయాయి. ఒక బీహారీ కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నేను మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

సాయంత్రానికి గ్యాస్ పొయ్యి మోసుకొచ్చినవాళ్ళు అన్నం, పప్పు వండారు. మా వాళ్ళు కింద ప్లాస్టిక్ షీటు పరుచుకుని, చుట్టూ కూర్చుని తింటారు. ఆ షీటు వాది పాలైంది. ఎవరో గోడ మీది మ్యాపు దింపి పరిచారు. నేను వద్దనలేదు. పప్పు గిన్నె సరిగ్గా రాజధాని మీద పెట్టారు. పొద్దుట్నుంచి మొదటిసారి నాకు నవ్వొచ్చింది. మంచి రోజుల్లో కూడా అంత రుచిగా తిన్న గుర్తు లేదు.

రోడ్లు బాగుపడ్డాక మేజర్ వచ్చాడు. మనుషులు ఎలా ఉన్నారని ఒక్క ముక్క అడగలేదు. తివాచీ చూశాడు, తాళం చూశాడు, పసుపు మరకల మ్యాపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిపించాడు. పక్కన హెచ్‌ఆర్ మలయాళీ కూర్చున్నాడు.

"నేను ఆగమన్నాను" అన్నాడు మేజర్.

"ఆగమన్న ఆదేశం వస్తే అబద్ధమనుకోవాలని మీరే చెప్పారు సార్."

"ఆ నియమం మా దేశాన్ని మేం కాపాడుకోవడానికి. ఇది నీ దేశం కాదు."

అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. ఒక వార్నింగుతో పోయేదని ఆ మలయాళీ తర్వాత చెప్పాడు. కానీ నీళ్ళలో కొట్టుకుపోయిన ఆ గదుల్లో పడుకునేవాళ్ళ ప్రాణాలు కాపాడ్డానికి ఇది ఎవరి దేశమన్న లెక్క ఎందుకు? ఒళ్ళు మండిపోయింది.

"మీదీ కాదు కదా సార్" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ రోజే వీసా క్యాన్సిల్‌కి కాగితాలు కదిలాయి. పరుపు కోసం నెలలు పట్టిన కమాండ్ గొలుసు, నన్ను పీకేయడానికి ఒక పూట కూడా తీసుకోలేదు.

ఫుజైరాలో ఇంకో క్యాంపులో పని దొరికింది. జీతం తక్కువ, బ్యాచిలర్ గది, ఫ్యామిలీ వీసా రాదు. షార్జా ఎయిర్‌పోర్టుకి ఇద్దర్నీ తీసుకెళ్ళాను. మా ఆవిడ పాస్‌పోర్టులు చూసుకుని బ్యాగులో పెట్టుకుంది. తిడితే బాగుండేది. పిల్ల లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి, "నువ్వు రావా నాన్నా?" అంది.

నేను పెట్టె హ్యాండిలు సరిచేస్తూ నిలబడ్డాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు, ఆ మేజర్‌గాడు.