పంతులమ్మ పంపిన గర్జెలు

నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో ఉండే మా పంతులమ్మ పోయి ఇవ్వాళ్టికి తొమ్మిది రోజులు. కూరగాయలమ్మే ఆమె మా గుమ్మంలో బుట్ట దించుతూ చెప్పింది: "అమ్మా, మీ క్రిస్టియన్ పంతులమ్మ పానం పోయిందట, తెల్లారంగ." ఆమె నాకు చదువు చెప్పింది. నా పెళ్ళయ్యేదాకా మా పక్కింట్లోనే ఉంది. అలాంటి మనిషి కబురు నాకు వంకాయలతో పాటు రావలసి వచ్చింది.

ఆబిడ్స్ బడిలో ఆమె మాకు భూగోళం చెప్పేది. డిసెంబరు వచ్చిందంటే లోకంలోని చలికాలపు పండుగలన్నీ మా ముందు పరిచేది. యూదులు ఎనిమిది రోజులు రోజుకో దీపం పెంచుతారనీ, జపాన్ వాళ్ళు కొత్త సంవత్సరానికి అన్నం దంచి ముద్దలు చేస్తారనీ, మంచు దేశాల్లో ఆడపిల్లలు నెత్తిన కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుంటారనీ చెప్పేది.

"నెత్తి కాలదా పంతులమ్మా?" అని అడిగేవాళ్ళం.

"కాల్తే కాల్తది బిడ్డా, పండుగ ఊకెనే వస్తదా?" అని నవ్వేది. చివరికి ఎప్పుడూ ఒకటే మాట: "ఏ దేశమైనా గంతే. వండినోళ్ళే తింటే అది పండుగ గాదు, ఉత్త వంట."

ఆ మాటని ఆమె నిజంగా నమ్మింది. అదే ఆమె చేసిన తప్పు.

నాకు పదేళ్ళప్పుడు రంజాన్ పండుగ, క్రిస్మస్ రెండు రోజుల తేడాతో వచ్చాయి. ఎదురింటి బేగమమ్మ ఎప్పటిలాగే పొడి సేమియా, ఖర్జూరాలు, చక్కెర పంపింది. పరాయి చేతి వంట మేము తినమని ఆమెకు తెలుసు. మాకు వండనివే పంపడం వాడుక. పంతులమ్మ మెదక్ నుంచి కొత్తగా వచ్చింది. తన చేత్తో చేసిన గర్జెలు, అదే కజ్జికాయలు, పళ్ళెం నిండా పట్టుకొచ్చింది. మా అమ్మ నవ్వుతూనే తీసుకుంది. ఆమె గుమ్మం దిగగానే, "బేగమమ్మకున్న తెలివి గూడ లేదేందే ఈమెకు? పోయి కుడితిల పారెయ్యి," అంది.

నేను పెరట్లో ఆ గర్జెలు ఒక్కొక్కటే కుడితి తొట్టిలో వేస్తున్నాను. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పంతులమ్మ చూసింది. తడి చీర పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చూస్తుండగానే మిగిలిన నాలుగూ కూడా వేసేశాను.

మరుసటి ఏడు నుంచి మా ఇంటికి తొక్క తీయని సంత్రా పళ్ళు వచ్చాయి. "లోపల నా చెయ్యి తగల్లేదు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అంది ఒకసారి, ఎత్తిపొడుపు లేకుండానే. తిట్టినా బాగుండేది.

అమ్మ పోయాక, నా సంసారం నాకొచ్చాక, ఒక్క క్రిస్మస్‌కైనా ఆమె ఇంట్లో కూర్చుని తిని, తప్పయిందని చెప్పాలనుకున్నాను. ప్రతి ఏడూ అనుకున్నాను. అత్తగారేమంటుందోనని ప్రతి ఏడూ మానేశాను. ఛీ, ఏం బతుకు! దేశదేశాల పండుగలు గడగడా అప్పజెప్పినదాన్ని, రెండు వీధులు దాటలేకపోయాను.

సమాధి చేసి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళాను. మెదక్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు అందరికీ చాయ్ ఇస్తోంది. నా దగ్గరికి రాగానే చెయ్యి చాపాను. ఎవరింటి దాన్నని అడిగింది. చెప్పాను. ట్రే మెల్లగా వెనక్కి తీసుకుంది, ఎంతో మర్యాదగా.

"మీరు మా ఇంట్ల తాగరు గదమ్మా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టొద్దని అక్క జెప్పింది."

తాగుతానని నేను నోరు తెరిచేలోపే ఆమె పక్కవాళ్ళ వైపు తిరిగింది. ఆ కప్పుల్లోంచి లేచే ఆవిరి నా ముందు నుంచి బెంచీ చివరిదాకా వెళ్ళింది. నా చెయ్యి ఇంకా చాపే ఉంది.