నైరుతి మూల గుంట

యాభైల్లో, భీమడోలు దిగువన కొల్లేటి అంచు ఊళ్లలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక వెయ్యాలి. ఆ మట్టి పెరట్లోనే తవ్వేవారు. తవ్విన చోట నీళ్లు నిలిచి గుంటయ్యేది. అందరూ దాన్ని అంట్లకీ గేదెలకీ వాడుకునేవారు. మా నాన్నగారు మాత్రం రాతిమెట్లు కట్టించి ఈతకొలను చేసుకున్నారు. ఏలూరు నుంచి స్నేహితులొస్తే గోచీలు బిగించి దూకేవారు. అమ్మ పొయ్యి దగ్గర వాళ్లకి పెసరట్లు పోసేది.

ఒకనాడు వాళ్లు ఈది వచ్చి అరుగు మీద అట్లు తింటూండగా, మూడేళ్ల మా చెల్లెలు ఒక్కతే ఆ మెట్లు దిగింది. మళ్లీ ఎక్కలేదు.

నెల తిరక్కుండానే అమ్మ అడిగింది. "ఏవండీ, ఆ గుంట పూడ్పించెయ్యండి. చూడలేకపోతున్నాను."

"గుంటేం చేసింది? పిల్లని కనిపెట్టుకోవాల్సింది నువ్వు" అన్నారు నాన్నగారు. చుట్టూ తాటాకు తడిక కట్టించి మళ్లీ ఈతకి దిగారు.

ఏటా వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడల్లా అమ్మ అడుగుతూనే ఉంది. ఆయన చెవిన పెట్టలేదు. వంటింటి కిటికీ గుంట వైపే ఉండేది. అమ్మ దాన్ని మూసేసి, పట్టపగలు దీపం పెట్టుకుని వండేది.

కొన్నేళ్లకి నాన్నగారికి గుండెలో నొప్పి వచ్చింది. ఏలూరు డాక్టరుగారి మందుల మీద ఆయనకి గురి కుదరలేదు. తాడేపల్లిగూడెం నుంచి వాస్తు చూసే సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన పెరట్లో నిలబడి, "నైరుతిలో గొయ్యండీ. ఇంటి యజమానికి ప్రాణగండం" అన్నారు. ఆ సాయంత్రమే నాన్నగారు మట్టిబళ్లకి కబురు పెట్టారు.

ఇద్దరు మనుషులు గూడ వేసి నీళ్లు తోడేశారు. అడుగున దొరికిన కొర్రమేనులు ఇరుగుపొరుగు పట్టుకుపోయారు. మెట్లు పెకలించారు. బళ్లు మట్టి దిమ్మరిస్తూంటే నాన్నగారు అరుగు మీద కూర్చుని, ఇంకా పొయ్యండి, గట్టిగా తొక్కండి అని ఒకటే పురమాయింపు. ఆ ఆత్రం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ ఏడుపుకి బండెడు మట్టి దొరకలేదు. ఆయన ప్రాణానికి వీధి పొడుగునా బళ్లే.

అమ్మ మజ్జిగ పట్టుకొచ్చింది. గ్లాసు ఆయన చేతికిస్తూ, గొంతు పెంచకుండా అడిగింది.

"పిల్ల పోయిన రోజున ఇది ఏ మూల ఉందండీ?"

నాన్నగారు మజ్జిగ తాగేసి గ్లాసు తిరిగిచ్చారు. కాస్త ఉప్పు వెయ్యాల్సింది అన్నారు.