కొలతలక్క నడుము

మా పరిశోధనశాలలో అందరూ ఆవిడను కొలతలక్క అనేవాళ్లం. నడుము నొప్పి ఉన్నవాళ్లను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వెన్ను పక్కన చిన్న పరికరంతో నెమ్మదిగా ఒత్తుతూ, ఆ ఒత్తిడి ఎప్పుడు నొప్పిగా మారుతుందో కొలవడం ఆవిడ పని. పడుకున్నవాళ్ల చేతిలో ఒక మీట ఉంటుంది, నొప్పి మొదలవగానే నొక్కాలి. ఆ అంకె, స్కానింగు, ఇంకొన్ని పరీక్షలు కలిపి ఆ నొప్పి ఏ రకమో తేల్చేవాళ్లం.

మొదటి రకం కండరాలది, కీళ్లది. బరువెత్తితే పట్టేస్తుంది. రెండోది నరం నలిగి కాలివేళ్ల దాకా మంటలా పాకేది. మా బుర్ర తినేసేది మూడోదే. స్కానింగులో ఏమీ కనబడదు, నొప్పి మాత్రం నిజం. దెబ్బ మానినా నరాలు ఇంకా అపాయం ఉందని కేకలు పెడుతూనే ఉంటాయి. కాస్త ఒత్తినా ఓర్చుకోలేరు. "అంతా నాటకం" అని ఇంట్లోవాళ్ల చేత మాటలు పడి వచ్చేది వీళ్లే. ఆ మాట అనేవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొలిచేటప్పుడు ఓదార్పు మాట అనకూడదు. జాలిగా మాట్లాడితే నొప్పి తగ్గి అంకె మారిపోతుంది. అందుకని అక్క నోటికి తాళం వేసుకుని, చెక్కబొమ్మ మొహంతో, రాసిచ్చిన వాక్యాలే చెప్పేది. "కదలకండి. నొప్పి అనిపించగానే నొక్కండి." రోజంతా అవే. సాయంత్రం తన గదికి వెళితే ఆ పాటి మాటలకు కూడా మనిషి లేడు.

అక్కకూ నడుము నొప్పే. వాళ్లమ్మ మంచాన పడితే ఏళ్ల తరబడి ఎత్తి దించింది. అప్పుడు ఏమీ కాలేదు. అమ్మ పోయాక పట్టుకుంది. కూర్చోలేక నిలబడే భోంచేసేది. "మందు రాసుకోవడానికి చెయ్యి అందట్లేదే. గరిటె కాడతో రాసుకుంటున్నా. వంట ఎలాగూ మానేశాను, గరిటెకు ఏదో ఒక పని ఉండాలిగా" అని ఓసారి నవ్వించింది.

స్కానింగు శుభ్రంగా వచ్చింది. డాక్టరేమో విశ్రాంతి తీసుకోమనీ, వ్యాయామం చేయమనీ రెండూ ఒకే చీటీ మీద రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. "ఏ రకమో తేలితే చాలే. నాటకం కాదని నాకు నేనైనా చెప్పుకుంటాను" అంది అక్క. తన వీపు తాను కొలుచుకోలేదు కదా. ఓరోజు భోజనాల వేళ నన్ను పిలిచింది.

"నన్ను కొలువు. అందరికీ ఎలాగో నాకూ అలాగే. జాలిపడి నోరు తెరిచావో, ఊరుకోను."

ఎప్పటిలాగే, పరికరం జారకుండా ఎడమ అరచేతిని ఆవిడ వీపు మీద ఆనించి ఒత్తడం మొదలుపెట్టాను. అంకె పెరుగుతోంది. అక్క నొక్కలేదు. పరికరం హద్దు దాకా పోయి ఆపేశాను. ఏ నొప్పీ లేనివాళ్లు కూడా అంత ఓర్చుకోరు.

"అక్కా, నొక్కవేం?"

"నొప్పి రాలేదే."

"అయితే నీకేం లేనట్టే."

"లేకపోవడమేంటి? పొద్దున గోడ పట్టుకుని మంచం దిగాను!" ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. "ఇంకోసారి చూడు."

నేను పట్టుకోవడంలోనే ఏదో తేడా ఉందేమో అనుకున్నాను. అందుకని ఈసారి పరికరాన్ని స్టాండుకు బిగించి, చెయ్యి ఆనించకుండా ఒత్తాను. ఒత్తీ ఒత్తకముందే అక్క మీట నొక్కేసింది. మళ్లీ చూశాను. మళ్లీ అంతే.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ అందరి వీపుల మీదా ఆ చెయ్యి పెట్టే కొలిచాం. ఓదార్పు మాటలు మానేశాం గానీ, చెయ్యీ ఓదార్పేనని, దాన్ని తీయాలని మా మహా మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు. అక్క వీపు మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎన్నేళ్లయిందో.

"మూడో రకం, అక్కా. నాటకం కాదు."

ఆవిడ లేవలేదు. బల్లకు మొహం ఆనించుకునే, "చివరి ప్రశ్న అడగలేదు నువ్వు" అంది. నొప్పి ఎక్కువైనప్పుడు ఇంట్లో సాయానికి ఎవరున్నారని అందరినీ అడుగుతాం.

"నాకు తెలుసుగా అక్కా."

"అయినా అడుగు. నన్నెవరూ అడగలేదు."

రాసిచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు అడిగాను.

"ఎవరూ లేరు" అంది అక్క.